గోడ మీద ‘తీ’

నాకు అక్షరాలు ముసలితనం మొదలయ్యాక వచ్చాయి. పొదుపు సంఘంలో వేలిముద్ర వెయ్యడానికి సిగ్గేసి మొదలుపెట్టాను. మొదట్లో ఒక్కో అక్షరం విడిగా ఉంటేనే చదవగలిగేదాన్ని. రెండు మూడు కలిస్తే అక్కడే ఆగిపోయేదాన్ని.

అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి దగ్గరలో ఒక పాత కొట్టు ఉంది. ముందు టేకు స్తంభాలు, పెంకుల వసారా. వెనక ఇటుక గోడల మీద రేకుల షెడ్డు. పెళ్లయిన కొత్తలో ఆ షెడ్డులో పనికి చేరాను. మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే బెల్లం దిమ్మలకు గోనెపట్టా చుట్టి దబ్బనంతో కుట్టాను. వ్యాపారం మూతపడ్డాక వారసులు స్థలం అమ్మేశారు. కొన్నవాళ్లు అక్కడ కొత్తగా ఏదో కడదామనుకుని, ఏది ఉంచాలో ఏది తియ్యాలో చూడమని విశాఖపట్నం నుంచి ఇద్దరిని పిలిపించారు. పాత కట్టడాలు కాపాడే ఇంజినీరమ్మ ఒకరు, మట్టీ నీళ్లూ చూసే పర్యావరణం సారు ఒకరు. వాళ్లకి మధ్యాహ్నం వంట నాది.

ఒకరోజు వెళ్లేసరికి గోడల మీద ఎర్ర రంగుతో అక్షరాలున్నాయి. వసారా స్తంభాల మీద ‘ఉం’. షెడ్డు గోడ మీద ‘తీ’. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. తీ అంటే తీపి. బెల్లం పని జరిగిన చోటు కాబట్టి గుర్తు పెట్టారు, ఇక దీన్ని కదపరు అనుకున్నాను. షెడ్డులో అన్నేళ్లూ నా పక్కనే కూర్చుని కుట్టిన ఆవిడ మా వీధిలోనే ఉంటుంది. పరుగున వెళ్లి తీసుకొచ్చాను.

“సూసేవా? తీపని రాసేరు. మన సెడ్డుకి పేరెట్టేరు.”

“నీకు సదువొచ్చి మాకు సావొచ్చింది ఒదినా. బోర్డు సదవాలని ఎల్లే బస్సునైనా ఆపెత్తావు,” అంది. అంటూనే వెళ్లి ఆ అక్షరం మీద వేలు పెట్టింది. తడి రంగు అంటుకుంది. తుడుచుకోలేదు.

అన్నం వడ్డిస్తూ ఇంజినీరమ్మకి చెప్పాను, తీపని భలే రాశారని. ఆమె ముద్ద కంచంలో పెట్టేసింది.

“అమ్మా, ‘ఉం’ అంటే ఉంచాలి. ‘తీ’ అంటే తీసెయ్యాలి. కూలివాళ్లకి అర్థమవ్వాలని తెలుగులో రాయించాను.”

“తీసెయ్యడం ఏటమ్మా?”

“వసారా చాలా పాతది. షెడ్డు ఆ తర్వాతెప్పుడో వేసింది. దానికి అంత వయసు లేదు.”

“నాకుంది కదమ్మా వయసు. నా మీద ‘ఉం’ అని రాసెయ్యండి. అక్కడే కూకుంటాను.”

సారు నవ్వాడు. ఆమె నవ్వలేదు. భోజనమయ్యాక ఆయన్ని షెడ్డు దగ్గరికి తీసుకెళ్లింది. గిన్నెలు తోముతూ విన్నాను.

“ఒక్క గోడైనా ఉంచలేమా?”

“గోడ ఉంచితే నీళ్లు దానికి తగిలి మళ్లీ వీధివైపే మళ్లుతాయండీ. ఇప్పుడీ స్థలమంతా సిమెంటు. ఎంత వాన పడినా కింద వీధిలోకే దిగుతోంది. షెడ్డు తీసి, మట్టినేల వదిలితేనే ఇంకుతుంది.”

ఆ కింద వీధి మాదే. గట్టి వాన పడితే కాలవ నీళ్లు గడప దాటి వచ్చేవి. బియ్యం డబ్బా మంచం మీదికెక్కించి, దాని పక్కన మేమూ ఎక్కి కూర్చునేవాళ్లం. ఇంక నేనేం అడుగుతాను? ఇంజినీరమ్మ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, “కుదర్లేదమ్మా,” అంది. “తెలుసమ్మా, ఇన్నాను,” అన్నాను.

షెడ్డు తీసేశారు. ఇప్పుడు వానాకాలం మా ఇంట్లో నేల పొడిగా ఉంటుంది. రాత్రి వాన చప్పుడు వింటూ నిద్రపోతాను. ఆ సుఖం కాదనను. కానీ చలికాలం పొద్దున్నే కొత్త బెల్లం వాసనలోకి అడుగుపెట్టడం కావాలనిపిస్తుంది. వరసగా కూర్చున్న ఆడవాళ్ల గోల కావాలనిపిస్తుంది. మా ఆయన అక్కడే దిమ్మలు మోసేవాడు. అందరి ముందు నాతో మాట్లాడడానికి సిగ్గు. గుమ్మం దాటుతూ ఒకసారి దగ్గేవాడు, అంతే. ఆయన పోయాక కూడా ఆ షెడ్డులో కూర్చుంటే ఆ దగ్గు వినబడుతుందేమో అనిపించేది. ఇంట్లో ఎప్పుడూ అలా అనిపించలేదు.

షెడ్డు ఉన్నచోట ఇప్పుడు గడ్డి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, కొన్నవాళ్లు ఏమీ అనరు. మొన్న సాయంత్రం నేనూ, నా పక్కన కుట్టిన ఆవిడా వెళ్లాం.

“నేనిక్కడ కూకునేదాన్ని,” అన్నాను.

“అక్కడ నేను. నువ్వు గుమ్మం కాడ. మీ ఆయన కనపడతాడని ఆ సోటు ఎవలికీ ఇచ్చేదానివి కాదు.”

“ఆ గుమ్మం ఎక్కడే?”

అటు చూసింది, ఇటు చూసింది. గోడ లేకపోతే కంటికి ఆనవాలేముంది? తనకి తోచిన చోట తను కూర్చుంది, నాకు తోచిన చోట నేను కూర్చున్నాను. అప్పట్లో మోచేతులు తగిలేవి. ఇప్పుడు తను ఏదో అంటే నాకు వినబడలేదు.

“కాస్త ఇటు జరుగొదినా,” అని కేకేసింది.

జరిగాను.