గుండెకి సైనస్

మా అక్క కూతురికి పన్నెండేళ్లు. బళ్లో కబడ్డీ ఆడుతూ ఛాతీలో నొప్పని మూడుసార్లు కూర్చుండిపోయింది. నిన్న నరసరావుపేటలో గుండె పరీక్షలు చేయించాం. రిపోర్టులు చేతిలో పెట్టిన కుర్రాడు "డాక్టర్ గారు రేపొస్తారు" అని లోపలికి పోయాడు. బాగుందో లేదో ఒక్క ముక్క చెబితే వాడి సొమ్మేం పోయేది?

మోటార్లు బాగుచేస్తూ ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్న మొనగాణ్ణి కదా, ఈసీజీ కాగితం నేనే చదివాను. "నార్మల్ సైనస్ రిథమ్" అని ఉంది. నా కంటికి సైనస్ ఒక్కటే ఆనింది. జలుబు ముదిరి గుండెకెక్కిందని ఇంట్లో చెప్పేశాను. అక్క ఒకటే ఏడుపు. అమ్మయితే పిల్లకి రెండుసార్లు ఆవిరి పట్టింది.

ఈ రోజు డాక్టర్ గారు అన్నీ చూసి, గుండె బాగుంది, నొప్పి పక్కటెముకల దగ్గర కండరాలది అన్నారు. అక్క నమ్మలేదు.

"మరి సైనస్ అని రాసుంది గదా సార్?"

"అది ముక్కుది కాదమ్మా. గుండె చప్పుడు మొదలయ్యే చోటు పేరది. సరిగ్గా అక్కడే మొదలవుతోందని రాశారు. ఆడుకోనివ్వండి. కళ్లు తిరిగినా, దడ వచ్చినా వెంటనే తీసుకురండి."

పిల్ల నా వైపు తిరిగింది. "ఏంది మామయ్యా, ఇందుకా నన్ను ఆవిర్లో ఉడకబెట్టింది?"

ఆ కుర్రాడి మీద కోపం ఇంకా చల్లారలేదు. కానీ సాయంత్రం వీధిలో పిల్ల ఊపిరి బిగబట్టి కబడ్డీ కూత పెడుతుంటే, చానా రోజుల తర్వాత అక్క నవ్వింది. మీరూ రిపోర్టు చదివి ఇంటిల్లిపాదినీ ఏడిపించి ఉంటే కింద రాయండి. నేనొక్కణ్ణే వెధవనైతే బాగోదు.