మొదటి వాక్యంలో మాట

మా ఊరి గ్రంథాలయం ఈత కొలను వెనక ఒకే ఒక్క గది. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం పూట తెరుస్తారు. ముప్పై ఒక్క ఏళ్లుగా దాని తాళంచెవి మత్తిల్దుర్ కోటు జేబులోనే ఉంది. ఏ పుస్తకాలు తెప్పించాలో తేల్చేదీ ఆమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఊరికి కావలసినవి హత్యల కథలు. చలికాలంలో నాలుగు గంటలే వెలుతురుండే చోట మంచి శవం ఒకటి దొరికితే వారం రోజులు కాలక్షేపం. మత్తిల్దుర్‌కి మాత్రం ఏదో ఒక పిచ్చి పట్టి, దాని వెంటపడి జీవితమంతా ధారపోసిన వాళ్ల కథలంటే ప్రాణం. ఒకే ఒక్క రకం నాచు కోసం నలభై ఏళ్లు కొండలు పట్టి తిరిగినాయన, ఎవరూ వినని వాద్యమొకటి తయారు చేస్తూ పెళ్లి మాటే మరిచిపోయినావిడ, పిల్లిని వెంటేసుకుని పడవలో ఉత్తర ధ్రువానికి బయల్దేరి దారిలోనే మూడు వేళ్లు పోగొట్టుకున్న పాస్టరు. అల్మారాల్లో ముప్పాతిక వంతు వీళ్లే.

“మామూలుగా పెళ్లి చేసుకుని, మామూలుగా చేపలు పట్టి, మామూలుగా పోయినవాడి పుస్తకం ఒక్కటైనా ఉందా నీ దగ్గర?” అని కొట్టు నడిపే డాగ్నీ వచ్చినప్పుడల్లా దెప్పేది.

“అలాంటివాణ్ణి నువ్వెక్కడైనా చూస్తే చెప్పు, వాడి గురించి నేనే రాస్తాను,” అనేది మత్తిల్దుర్.

ఊరికే అన్న మాట కాదది. ఆమె నిజంగానే రాసేది. ఐస్లాండ్‌లో ఎవరు పోయినా అంత్యక్రియల రోజున పేపర్లో వాళ్ల గురించి ఎవరో ఒకరు నాలుగు మాటలు రాయాల్సిందే. మంత్రికైనా చేపలు కోసే ఆవిడకైనా అదే పేజీ. మా ఊళ్లో కలం పట్టడం చేతకాని వాళ్లంతా మత్తిల్దుర్ దగ్గరికే వచ్చేవారు. ఆమె కాఫీ పోసి ఒకే ఒక్క ప్రశ్న అడిగేది. “ఎవరూ చెయ్యమనకపోయినా ఏం చేసేవాడు?”

“ఏం చేస్తాడు, ఏమీ లేదు,” అనేవారు మొదట. ఆమె ఇంకో కప్పు పోసేది. మూడో కప్పుకి ఏదో ఒకటి బయటపడేది. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేపలు కోసిన బేరా, ఏటా మే నెలలో వలస పిట్టలు ఏ రోజు ఏ గంటకి దిగాయో వంటింటి తలుపు వెనక రాసుకునేదట. లారీ నడిపిన ఓర్లిగుర్ తన బండెక్కిన గొర్రెలన్నిటికీ పేర్లు పెట్టేవాడట. ఆ ముక్క వినగానే మత్తిల్దుర్ మొహం వెలిగిపోయేది. “చూశావా, అసలైన సేర్వితుర్!” అనేది.

ఆ మాటని విడదీస్తే ‘వేరే తెలివి గల మనిషి’ అని. వాడుకలో మాత్రం తిక్క మనిషి అనే. మొహం మీద నవ్వుతూ అంటే ముద్దు, వీపు వెనక అంటే తిట్టు. మత్తిల్దుర్ నోట్లో అది కిరీటం.

ఆమెని మటుకు ఎవరూ ఆ మాట అనలేదు. ఇక్కడే పుట్టింది. అరవై ఏళ్లొచ్చేదాకా పొద్దుటి పూట ఫ్యాక్టరీలో చేపల ముళ్లు తీసింది. భర్త ఓద్దుర్ నెమ్మదస్తుడు, రేడియో వింటూ వింటూ పోయాడు. తన బతుకులో రాయడానికేమీ లేదని ఆమెకి గట్టి నమ్మకం. అందుకు లోలోపల కాస్త వెలితి ఉండేదని నా అనుమానం.

ఆగస్టు చివర్లో ఒక మంగళవారం కేతిల్ వచ్చాడు. పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. సముద్రపు పాయ అవతలి నుంచి వచ్చి నలభై ఏళ్ల కిందట ఇక్కడ స్థిరపడ్డాడు. చెట్టన్నది నడుం ఎత్తు దాటని ఈ గాలిలో ఆపిల్ పండించాలని ఇరవై ఆరేళ్లుగా తంటాలు పడుతున్నాడు. దానికోసం ఒడ్డున రాళ్లేరి తన ఇంటి వెనక వంపు తిరిగిన గోడ కట్టాడు. ఇంతవరకు ఒక్క కాయ కాయలేదు.

“నా వ్యాసం రాసిపెట్టు,” అన్నాడు, టోపీ తియ్యకుండానే.

“నువ్వింకా పోలేదుగా!”

“అందుకే. పోయాక తప్పులు దిద్దలేను. మా బావ వ్యాసంలో ఇంజన్ పేరే తప్పు రాశారు. పాపం, శవపెట్టెలో పడుకుని ఆయనేం చెయ్యగలడు?”

మత్తిల్దుర్ పగలబడి నవ్వింది. కేతిల్ నవ్వలేదు. “శుక్రవారం విమానంలో రేక్యావిక్ పెద్దాసుపత్రికి వెళ్తున్నాను. గుండె కోస్తారు. బతికే అవకాశం సగం సగం అన్నాడు డాక్టరు. నాకెవరూ లేరు. నా గురించి సరిగ్గా రాశారని ఒక్కసారి విని వెళ్తే నిశ్చింతగా పడుకుంటాను ఆ బల్ల మీద.”

రెండు రోజులు ఆమె అది రాస్తూ బయటికి రాలేదు. పుస్తకాల్లో ఇన్నేళ్లు చదివిన మనిషి నిజంగా వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నట్టనిపించింది ఆమెకి. అంత బాగా తానెప్పుడూ రాయలేదని ఆమెకే తెలుసు. గురువారం కేతిల్‌ని కూర్చోబెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది.

“ఈ పాయ ఒడ్డున కేతిల్‌ని మించిన సేర్వితుర్ పుట్టలేదు.”

మెచ్చుకుంటాడేమోనని తలెత్తి చూసింది. అతను కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

“ఇంకా చాలా ఉంది, విను...”

“చాలు.”

“కేతిల్, అది పొగడ్త!”

“మా అమ్మని ఆ మాటే అనేవారు. ఒడ్డుకొచ్చే సీల్ జంతువులకి పాటలు పాడేదని. కొట్టుకి వెళ్తే వరసలో అందరికంటే ముందుకి తోసేవారు, గౌరవంతో కాదు, తొందరగా పంపించెయ్యడానికి. నేను ఆవిడ గౌను పట్టుకుని నించునేవాణ్ణి. నీకది పుస్తకాల్లో మాట, మత్తిల్దుర్. నాకు కొట్లో మాట.” తలుపు దగ్గర ఆగాడు. “నాకేం తిక్క లేదు. నాకు ఆపిల్ కావాలి, అంతే.”

మత్తిల్దుర్‌కి ముందు కోపమొచ్చింది. ఇంత కష్టపడి రాస్తే రెండో వాక్యం కూడా వినడేం అని. కోపం చల్లారాక, తాను రాసిన పాత వ్యాసాల పెట్టె కిందికి దించింది. నలభై మూడు ఉన్నాయి. ముప్పైకి పైగా వాటిలో ఆ మాట ఉంది. బేరాకి నచ్చి ఉండేదా? ఓర్లిగుర్‌కి? శవపెట్టెలో పడుకుని వాళ్లేం చెయ్యగలరు? రేపటి విమానం వెళ్లిపోతే, ఆ మనిషి ఆ మాటనే మోసుకుని బల్ల ఎక్కుతాడు.

పొద్దున్నే కేతిల్ ఇంటికి వెళ్లింది. గోడ చాటున చెట్టుకి గోనెపట్టా చుడుతున్నాడు. రెండు చుట్లకే ఆయాసపడుతున్నాడు. ఆమె పట్టా రెండో అంచు పట్టుకుంది.

“ఆ మాట కొట్టేశాను,” అంది.

“దాని బదులు ఏం పెట్టావు?”

“ఏమీ పెట్టలేదు. ‘కేతిల్ ఆపిల్ చెట్టు పెంచాడు’ అని మొదలవుతుంది.”

“చెట్లు. ఆరు. ఐదు చచ్చాయి. సరిగ్గా రాయి.”

ఆమె మోకాలి మీద కాగితం పెట్టుకుని దిద్దింది. “మన్నించు, కేతిల్. ముచ్చటపడి అన్నాను. నీకు తగులుతుందని తట్టనే లేదు.”

కేతిల్ తాడు ముడి బిగించాడు. “సరేగానీ, నీ వ్యాసం ఎవరు రాస్తారు?”

“నా గురించి రాయడానికేముంది? ముళ్లు తీశాను.”

“ఎవరూ చెయ్యమనకపోయినా ఏం చేశావు?”

ఆ ప్రశ్నకి అవతలి వైపు నించోవడం మత్తిల్దుర్‌కి అదే మొదలు. “చదివాను,” అంది. “ఏదో ఒకదాని వెంటపడిన వాళ్ల గురించే. అంత కష్టపడి బతికారు కదా, ఎవరూ చదవకపోతే వాళ్లు మరీ ఒంటరివాళ్లయిపోతారని.”

“ముప్పై ఏళ్లా? ఊరంతా హత్యలు కావాలి మొర్రో అంటున్నా?” కేతిల్ గట్టిగా నవ్వాడు, దగ్గొచ్చేదాకా. “మరి ఎవరమ్మా సేర్వితుర్?”

ఆ మాట ఆమెకి చురుక్కున తగిలింది. ఒక్క క్షణం కేతిల్ తల్లి ఆ కొట్లో ఎలా నించుందో తెలిసింది. ఆ వెంటనే చెప్పలేనంత సంతోషం కూడా వేసింది.

“నా వ్యాసంలో పెట్టు ఆ మాట,” అంది. “మొదటి వాక్యంలోనే.”

“నేనుంటేగా రాయడానికి!”

“ఉండు మరి.”

కింద రోడ్డు మీద విమానాశ్రయం బస్సు హారన్ కొట్టింది.

కేతిల్ అక్టోబర్లో తిరిగొచ్చాడు, సగం అయ్యాడు గానీ నడుస్తూనే వచ్చాడు. ఫిబ్రవరిలో పోయింది మత్తిల్దుర్. జబ్బూ లేదు, ఏమీ లేదు. గురువారం గ్రంథాలయం తెరుచుకోకపోయేసరికి డాగ్నీ ఆమె ఇంటికి వెళ్లి చూసింది. కుర్చీలో ఉంది, పుస్తకం కింద పడి ఉంది.

మర్నాడు కేతిల్ చేత్తో రాసిన కాగితం పట్టుకుని కొట్టుకి వచ్చాడు, డాగ్నీ టైపు చేసి పేపరుకి పంపాలని. ఆమె మొదటి వాక్యం చూసి ఉలిక్కిపడింది.

“ఇదేంటి కేతిల్! పోయినావిణ్ణి పట్టుకుని ఈ మాట అంటావా? తీసెయ్యి.”

“తియ్యను. ఆవిడే పెట్టమంది.”

డాగ్నీ అతని మొహం చూసి, కామా కూడా మార్చకుండా టైపు చేసింది. అంత్యక్రియల రోజున, ఒక ఓడ యజమాని గురించిన పొడుగాటి వ్యాసాల కింద, నాలుగు వాక్యాలు వచ్చాయి.

‘మత్తిల్దుర్ సేర్వితుర్. మేం చదవని మనుషులందరినీ మా బదులు ఆవిడే చదివింది. ఎవరూ చెయ్యమనకపోయినా ఏం చేశారని ఊళ్లో పోయిన ప్రతి ఒక్కరి గురించీ అడిగింది. ఆవిణ్ణి ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ ఒక్కసారే.’