పరాయి మొక్కుల పరుగు

బుసబాకు పద్నాలుగేళ్లు. పిచిత్ జిల్లాలో, నాన్ నది ఒడ్డున ఉన్న బడిలో తొమ్మిదో తరగతి చదువుతోంది. మాట తక్కువ, కాళ్లు పొడుగు. ఆమె గురించి చెప్పమంటే ఊళ్లో వాళ్లు ఈ రెండు ముక్కలే చెప్పేవారు. ఆ ఏడాది వానాకాలంలో మూడో ముక్క చేరింది: ఇతరుల మొక్కులు అద్దెకు తీర్చే పిల్ల.

బడి మైదానం మూలన ఒక స్తంభం, దాని మీద చిన్న గూడు. అందులో, అందరూ తాత అని పిలిచే నేల దేవుడు ఉంటాడు. బడి కట్టక ముందునుంచీ ఆ నేల ఆయనది కాబట్టి, పరీక్షలూ పోటీలూ ఆయన కనుసన్నల్లోనే నడుస్తాయి. ఉడికించిన కోడిగుడ్లు పెట్టినా, ఎర్ర సోడా సీసాలో గొట్టం వేసి పెట్టినా సంతోషిస్తాడు. అన్నిటికన్నా ఇష్టం మాత్రం ఎవరైనా మైదానం చుట్టూ పరుగెత్తడం. ఎందుకని ఎవరూ ఆయన్ని అడగలేదు. "లెక్కల్లో గట్టెక్కితే ఇరవై చుట్లు" అని పిల్లలు మొక్కుకుంటారు. గట్టెక్కాక, ఇరవై అంటే ఎంతో కాళ్లకు అర్థమవుతుంది. ఆపద మొక్కులు సంపద మరపులు. కానీ తాతకు మరపు లేదు. మొక్కు ఎగ్గొట్టినవాడికి ముందు కడుపునొప్పి వస్తుంది, తర్వాత సైకిలు పోతుంది.

ఆ ఏడాది విలై టీచర్ తొమ్మిదో తరగతికి వ్యాపారం నేర్పింది. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి అమ్మి చూపాలి, దానికి మార్కులు. కొందరు గిన్నెలు తోమే సబ్బు కలిపారు, కొందరు అరటికాయ చిప్స్ వేయించారు. బుసబాకు కలపడమూ రాదు, వేయించడమూ రాదు. ఆమె పిన్ని మాలై మాత్రం పక్క జిల్లాలో పెద్ద గుడి ముందు నాట్యం చేస్తుంది. కోరిక తీరితే నాట్యం చేయిస్తామని మొక్కుకున్నవాళ్లు వచ్చి డబ్బు కడతారు, కిరీటం పెట్టుకుని పిన్ని ఆడుతుంది. అద్దెకు నాట్యం దొరుకుతున్నప్పుడు పరుగు ఎందుకు దొరకకూడదు అనుకుంది బుసబా. చుట్టుకు ఒక బాత్ అని రేటు పెట్టింది. చుట్టు పూర్తికాగానే గూడు ముందు ఆగి, చేతులు జోడించి, ఎవరి తరఫున పరుగెత్తిందో పేరు చెప్పాలి. అప్పుడే అది చెల్లు.

విలై టీచర్ ఆ వ్యాపారాన్ని చాలాసేపు చూసింది.

"బాగానే ఉందమ్మా. మరి డబ్బా ఏదీ? డబ్బా మీద లేబుల్ ఏదీ?"

"పరుగుకి డబ్బా ఉండదు కదా, టీచర్."

"లేబుల్‌కే అయిదు మార్కులమ్మా. నేనేం చెయ్యను?"

బుసబా ఆ అయిదు మార్కులూ వదులుకుంది. ఆమె మనసు వేరేచోట ఉంది. జిల్లా పోటీల్లో పదిహేను వందల మీటర్ల పరుగుకు బడి నుంచి ఒక్క ఆడపిల్లే వెళ్తుంది. నగరంలోని క్రీడల బడి వాళ్లు పిల్లల్ని ఏరుకునేది ఆ పోటీల్లోనే. నిరుడు ఆ చోటు పక్క సెక్షన్ కన్నికాకు దక్కింది, బుసబా అరడుగు వెనకబడింది. ఈ బడి తొమ్మిదో తరగతి దాకానే, ఆమెకు ఇదే ఆఖరి ఏడు. ఎంపిక పరుగు నెలాఖరు శుక్రవారం. ఇలా రోజూ నాలుగు చుట్లు ఎక్కువ తిరిగితే ఆ అరడుగు దానంతటదే తీరిపోతుందని ఆమె లెక్క.

ఆ లెక్కను లెక్కల మాస్టారే తప్పించాడు. ప్రయూన్ మాస్టారు మంచివాడు, కళ్లజోడు మాత్రం ఇంట్లో మరిచిపోతుంటాడు. పరీక్ష కాగితం మీద ప్రశ్నలన్నీ అచ్చయ్యాయి, ఎంచుకోవలసిన జవాబులు అచ్చు కాలేదు. పిల్లలు గంటసేపు ప్రశ్నల కింది ఖాళీల వైపు చూసి, తమకు తోచిన చోట గుర్తులు పెట్టి వచ్చారు. తప్పు బయటపడితే తలనొప్పి అని బడివాళ్లు అందరికీ పూర్తి మార్కులు వేసేశారు. ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఒక్కరు చుట్లు మొక్కుకుని ఉన్నారు. మర్నాడు పొద్దున గూడు దగ్గర టికెట్ల కిటికీ ముందులా వరస కట్టారు. వరసలో మొదట నిలబడ్డది తోన్, నడిస్తేనే ఆయాసపడేవాడు.

"నావి నలభై," అన్నాడు తోన్.

"నలభై ఎందుకురా మొక్కుకున్నావ్?"

"ఇరవైకి పాసవనని అనుమానమొచ్చింది."

"ఒక్క ప్రశ్నైనా చదివావా?"

"చదివితే తాతని నమ్మనట్టు కాదూ?"

వరసలో చివర ప్రయూన్ మాస్టారు నిలబడ్డాడు. తన తప్పు పెద్ద ఆఫీసు దాకా పోకుండా ఉంటే ముప్ఫై చుట్లు తిరుగుతానని ఆయనా మొక్కుకున్నాడు. "నా మోకాలు సంగతి నీకు తెలుసు కదమ్మా," అన్నాడు చుట్టూ చూస్తూ. మొత్తం అయిదు వందల డెబ్భై చుట్లు తేలాయి. అందరూ ముందే డబ్బిచ్చారు. ఆ డబ్బుతో బుసబా పరుగు బూట్లు కొనేసింది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

పది రోజులు పొద్దునా సాయంత్రమూ పరుగెత్తింది. వాన పడితే బురదలో, వెలిస్తే ఆవిరిలో. గూడు ముందు ఆగడం, చేతులు జోడించడం, "తోన్ తరఫున" అనడం, మళ్లీ కదలడం. నిద్రలో కూడా పేర్లు పలుకుతోందని అమ్మ చెప్పింది. ఆటల మాస్టారు సకోన్ ఈ భక్తి చూసి మొదట మెచ్చుకున్నాడు, తర్వాత కంగారుపడ్డాడు.

"శుక్రవారానికి కాళ్లు మిగుల్తాయా నీకు?"

"మిగల్చాలి, మాస్టారూ."

బుధవారం సాయంత్రం కన్నికా వచ్చింది. జడ వేళ్లకు చుట్టుకుంటూ కాసేపు నిలబడింది.

"నాకో యాభై చుట్లు రాసుకో. డబ్బు ఇప్పుడే ఇస్తా."

"పరీక్షా?"

"కాదు. శుక్రవారం నిన్ను ఓడిస్తే యాభై చుట్లని మొక్కుకున్నా."

బుసబా పెన్సిల్ గాల్లోనే ఆగిపోయింది. "నన్నోడించినందుకు నేనే పరుగెత్తాలా?"

"ఊళ్లో ఇంకెవరున్నారు చెప్పు, ఈ పని చేసేది?"

అది నిజమే. ఆ రాత్రి బుసబా పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని అన్నం తింటూ విన్నది.

"చూడు పిల్లా, నా మొగుణ్ణి తనెంట తీసుకుపోయిందే, అదే వచ్చి డబ్బు కట్టి ఆడమంది. కాపురం కుదిరిందట, దానికి మొక్కు. ఆడాను."

"ఏడుపు రాలేదా పిన్నీ?"

"వచ్చింది. తాళం తప్పలేదు. మొక్కు దేనికని అడక్కూడదు. అది తాతకీ వాళ్లకీ మధ్య. మనం కాళ్లం, అంతే."

మర్నాడు బుసబా పుస్తకంలో రాసుకుంది: కన్నికా, యాభై. నేను గెలిస్తే డబ్బు వాపసు.

శుక్రవారానికి మూడు వందల యాభై ఎనిమిది చుట్లు పూర్తయ్యాయి. ఎంపిక పరుగుకు ఏడుగురు నిలబడ్డారు. మైదానం చుట్టు రెండు వందల మీటర్లు. గూడుకు ఎదురు మూలన మొదలు, ఏడున్నర చుట్లు, గూడు దగ్గరే ముగింపు. సకోన్ మాస్టారు ఈల వేశాడు.

మొదటి సగం చుట్టు బుసబా ముందుంది. గూడు దగ్గరకు రాగానే ఆమె కాళ్లు వాటంతటవే ఆగాయి. చేతులు జోడించి, "తోన్ తరఫున" అంది. తేరుకునేసరికి ముగ్గురు దాటిపోయారు. మళ్లీ పరుగెత్తి అందుకుంది. రెండోసారీ అదే జరిగింది. కాళ్లను తిట్టుకుంది, అవి వినలేదు.

కన్నికా వెనక్కి తిరిగి ఇది చూసింది. తాతను తనవైపు తిప్పుకుంటోంది, దొంగముఖంది, అనుకుంది. మూడోసారి గూడు దగ్గర కన్నికా కూడా ఆగి దండం పెట్టింది. ఇద్దరూ పెడుతుంటే తాము పెట్టకపోవడం ఎలాగని మిగతా అయిదుగురూ ఆగారు. నాలుగోసారి ఏడుగురూ గూడు ముందు గుంపుగా నిలబడి దండాలు పెట్టారు, వెనకవాళ్లకు చోటు చాలలేదు.

"ఇది పరుగు పందెమా, ఊరేగింపా?" అని సకోన్ మాస్టారు నెత్తి పట్టుకున్నాడు.

గట్టు మీద తోన్ మాత్రం వేళ్లు మడుస్తున్నాడు. "ఇవీ కలిపితే నావి ఇంకా ఆరే," అన్నాడు పక్కవాడితో.

ఏడోసారి గూడు దగ్గరకు వచ్చేసరికి కన్నికా, బుసబా భుజం భుజం ఒరుసుకుంటున్నారు. ఇంకొక్క చుట్టు. కన్నికా అలవాటుగా చేతులు జోడించింది. బుసబా నోటికి పేరు రాబోయింది. ఎవరి పేరు? తోన్‌దా, మాస్టారిదా, కన్నికాదా? ఈ చుట్టుకు ఎవరూ డబ్బివ్వలేదు. అది తట్టగానే ఆమెకు భయమేసింది, ఎవరి ఇంట్లోకో చెప్పకుండా దూరినట్టు. ఆ భయంతోనే ఆగకుండా, దండం పెట్టకుండా దాటిపోయింది.

పదిరోజులుగా ప్రతి రెండు వందల మీటర్లకూ ఆగిన కాళ్లు అవి. ఆగవలసిన పని లేని రెండు వందల మీటర్లు వాటికి ఎంత తేలికగా ఉన్నాయో ఆమె ఎవరికీ చెప్పలేకపోయింది. కన్నికా తేరుకుని తరిమింది, బాగానే తరిమింది. నాలుగడుగుల దూరం మిగిలిపోయింది.

సకోన్ మాస్టారు కాగితం మీద బుసబా పేరు రాశాడు. రాసి కలం జేబులో పెట్టుకున్నాడు.

"పోటీలయ్యేదాకా నేను చెప్పిన పరుగే పరుగెత్తాలి. ఒక్క చుట్టు ఎక్కువ తిరిగినా పేరు కొట్టేస్తా."

"ఇంకా రెండు వందల పన్నెండు ఉన్నాయి, మాస్టారూ."

"ఎవరివి వాళ్లనే తిరగమను."

సోమవారం జెండా వందనం అయ్యాక తొమ్మిదో తరగతి మైదానంలోకి దిగింది. డబ్బు తర్వాత తిరిగిస్తానని బుసబా ఒప్పుకుంది కాబట్టి ఎవరూ గట్టిగా తిట్టలేదు. ఆమె పుస్తకం పట్టుకుని గూడు నీడన కూర్చుంది. వాపసు పుచ్చుకోవడానికి వచ్చిన కన్నికా, ఈ వేడుక వదలబుద్ధి కాక పక్కనే చతికిలబడింది. తోన్ అప్పుడే నడక మొదలుపెట్టాడు. ప్రయూన్ మాస్టారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఒక చేత్తో కళ్లజోడు పట్టుకుని వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు.

"నాలుగయ్యాయి, రాసుకో."

"మూడే, మాస్టారూ."

"అమ్మా, నేను లెక్కల మాస్టారిని."

"మూడో చుట్టుకి దండం పెట్టకుండా పోయారు. అది చెల్లదు."

మాస్టారు కన్నికా వైపు చూశాడు, సాక్ష్యం చెబుతుందేమోనని.

"మూడే, మాస్టారూ," అంది కన్నికా. "నేనూ చూస్తున్నా."