మూడు సెంట్ల ఎరుపు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన ఏడాది, మేము గల్ఫ్‌లో, దుబాయ్‌కి అవతల ఫుజైరాలో ఉండేవాళ్లం. ఇప్పటి పిల్లలకు అది చరిత్ర పాఠంలో ఒక పేరా. నాకు మాత్రం అది అమ్మ ఇంట్లో లేని ఏడాది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇంటికి జబ్బు మోసుకురాకూడదని ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన హోటల్ గదిలోనే ఉండేది. నాన్న, లంగరు వేసిన ఓడలకు ఇంధనం నింపే పడవ మీద పనిచేసేవారు. ఆ రోజుల్లో పడవ ఎక్కినవాళ్లను ఒడ్డుకు దిగనిచ్చేవారు కాదు. అందుకని నన్ను పక్కింటి తాతయ్య వాళ్ల దగ్గర వదిలారు.

తాతయ్యది కరీంనగర్ వైపు. క్వారీ ఆఫీసులో ఉద్యోగం. క్వారీ మూతబడటంతో ఆయనా ఇంట్లోనే ఉన్నారు. ఆయనకు ఒక్కటే సరదా. అప్పటికి నూట డెబ్బై ఏళ్ల కిందట అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లిన ఉత్తరాల కవర్లు, వాటి మీద అతికించిన మూడు సెంట్ల ఎర్ర తపాలా బిళ్లలు సేకరించడం. పోస్టాఫీసు ముద్రలో తేదీ, నెల ఉండేవి గాని, ఏడాది చాలావాటికి ఉండేది కాదు. బిళ్లల మీది ఎరుపు సిరా మాత్రం ఏడాదికొక రకంగా కుదిరేదట. ఒకప్పుడు నారింజ కలిసిన గోధుమ రంగు, ఒకప్పుడు ఇటుక రంగు, ఇంకొకప్పుడు ద్రాక్షరసం రంగు. ఏడాది కచ్చితంగా తెలిసిన కవర్లను వరసగా పరిచి, తెలియనిదాన్ని ఒక్కోదాని పక్కన పెట్టి చూసేవారు. అది ఫలానా ఏడాదిదని తేలితే ఆ పూటంతా ఆయన ముఖం వెలిగిపోయేది.

అలాంటి రోజుల్లో అమ్మకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. అదే గదిలో తలుపు వేసుకుని ఉండమన్నారు. రోజూ వీడియోలో మాట్లాడేది, నవ్వేది. ఊపిరి అందకపోతే పెదవులు నీలం తిరుగుతాయని నేను టీవీలో విన్నాను. ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మ పెదవులు నేరేడు పండు తిన్నట్టు కనిపించాయి. అడిగితే, "గదిలో లైటే అలాంటిది బంగారం, నాకేం కాలేదు" అంది. నాన్నకు చెబితే పడవ మీది నుంచి ఆయనా "ఏం కాదమ్మా" అన్నారు. ఇక ఎవరికీ చెప్పలేదు. రాత్రి అన్నం తినలేదు. కళ్లు మూసుకున్నా ఆ పెదవులే కనిపించాయి.

మర్నాడు ఉదయం తాతయ్య నన్ను పిలిచి కొత్తగా వచ్చిన కవరు ఒకటి చేతిలో పెట్టారు. ఏ వరసలోదో చెప్పమన్నారు. నేను దాన్ని గోధుమ రంగువాటి పక్కన పెట్టాను. "ట్యూబ్‌లైటు ఆర్పు బిడ్డా" అని ఆయనే లేచి కిటికీ తెర పక్కకు లాగారు. పగటి వెలుతురు పడగానే గోధుమ రంగనుకున్న బిళ్ల ద్రాక్షరసం రంగుకు తిరిగింది. అచ్చం అమ్మ పెదవుల రంగే, చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన బిళ్లలు పట్టుకునే పట్టకారు కింద పెట్టి ఏమైందని అడిగారు. అమ్మ పెదవుల సంగతి చెప్పాను. ఆయన కూడా, చూశావా, అంతా లైటు వల్లే అంటారనుకున్నాను.

అనలేదు. "లైటు వల్ల గావచ్చు, గాకపోవచ్చు. నాకైతే తెల్వది. చూద్దాం పా" అన్నారు.

అప్పుడే అమ్మకు ఫోన్ చేశారు. "పిల్ల బెంగపెట్టుకుందా బాబాయిగారూ?" అని అమ్మ నవ్వబోయి దగ్గింది.

"భయపడ్తున్నది. నాక్కూడ జర అనుమానంగనే ఉన్నది. లైటు ఆర్పి కిటికీ కాడికి రా తల్లీ. దిండు మొహం పక్కకు పెట్టుకో."

దిండు గలీబు తెల్లగానే కనిపించింది, అంటే వెలుతురులో తేడా లేదు. పెదవుల రంగు మాత్రం మారలేదు. తాతయ్య, వేలికి పెట్టుకునే మిషన్‌లో ఆక్సిజన్ ఎంత చూపిస్తోందని మెల్లగా అడిగారు.

"కొంచెం తక్కువేనండీ. ఏసీకి వేళ్లు చల్లబడ్డాయి కదా, అందుకేనేమో అనుకున్నా."

"నీ పేషెంటు గీ మాట చెప్తే నువ్వేం జేస్తవు?"

అమ్మ ముఖంలో నవ్వు పోయింది. "ఫోన్ పెట్టేస్తానండీ, డాక్టర్‌ని పిలుస్తాను" అంది.

ఆ రోజు గడవడం ఎంత కష్టమైందో మాటల్లో చెప్పలేను. కింద అంబులెన్సు చప్పుడైతే చాలు, బాల్కనీలోకి పరుగెత్తేదాన్ని. తాతయ్య బిళ్లల జోలికి పోలేదు. ఫోన్ వచ్చినప్పుడల్లా విన్నది విన్నట్టు నాకు చెప్పేవారు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆక్సిజన్ పెట్టారు. "తగ్గుతుందా తాతయ్యా?" అంటే, "తగ్గాల్నని నేనూ మొక్కుతున్న బిడ్డా. ఇంకేం తెల్వది" అన్నారు. విచిత్రం, ఆ మాట విన్నాకే నాకు ఆకలేసింది. ఆయన భార్య కలిపి పెట్టిన పెరుగన్నం గిన్నె ఖాళీ చేశాను.

అమ్మ చాలా రోజుల తర్వాత ఇంటికి వచ్చింది. చిక్కిపోయి, రెండు గదులు నడిస్తే ఆయాసపడుతూ వచ్చింది, కానీ వచ్చింది. తాతయ్యను చూసి దండం పెట్టబోతే ఆయన, "నాకెందుకు తల్లీ, చూసింది నీ బిడ్డ" అన్నారు. ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాకు తపాలా బిళ్లల సరదా అంటలేదు. ఆ ఎరుపుల్లో ఏది ఏ ఏడాదిదో ఇప్పుడు అడిగితే ఒక్కటీ చెప్పలేను. కానీ భయంతో వణుకుతున్న పిల్లను పట్టుకుని, తనకే లేని ధైర్యం చెప్పకుండా, తెలియదని ఒప్పుకుని వెంట నిలబడిన మనిషిని చూశాను. ఇప్పుడు నా మనవలు భయమేస్తోందని వస్తారు. చీకటి గది కావచ్చు, కడుపునొప్పి కావచ్చు. ఏం కాదులే అన్న మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. వాళ్లు చెప్పేది చివరిదాకా విని, వాళ్ల చెయ్యి పట్టుకుని, అదేమిటో చూడటానికి నేనూ వెళ్తాను.