గ్రాఫు మీద వాలు మూడు

పొద్దున్న మా కిరాణా కొట్టు బల్ల మీద మా అమ్మాయి గ్రాఫు కాగితం పరిచింది. ఆ ఆకుపచ్చ గళ్లు చూడగానే కడుపులో పాత మంట లేచింది.

మన పదో తరగతి వాళ్లకి పోలమ్మ గుర్తుందా? చేపలమ్మే వాళ్ల పిల్ల, బెంచీలో నా పక్కనే. జామెట్రీ బాక్సు నాది, స్కేలు నాది, పెన్సిలు చెక్కి ఇచ్చేదీ నేనే. లెక్క అయిపోగానే ఆ పెన్సిల్ని జడలో గుచ్చుకుని దర్జాగా కూర్చునేది.

ఓ రోజు మాస్టారు మాచేత గ్రాఫు మీద రేఖ గీయించి, దాని వాలు చెప్పమన్నారు. నేను గళ్లు లెక్కపెట్టాను. అడ్డంగా రెండు, పైకి మూడు. అందరికంటే ముందు లేచి "మూడు బై రెండు" అన్నాను.

"ఒసే, గళ్లు కాదే, అంకెలు సూడు" అంది పోలమ్మ. "నిలువు గీత మీద గడికి రెండున్నాది. పైకి ఆరు, అడ్డం రెండు. వాలు మూడు."

మాస్టారు దాని కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించారు. నా స్కేలుతో గీసిన గీత! ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇవాళ అలాంటి లెక్కకే మా అమ్మాయి గళ్ల జోలికి పోలేదు. అంకెలు చూసి, ఆరుని రెండుతో భాగించింది.

"ఎవలు సెప్పారే?"

"మా బడికి కొత్తగా వచ్చిన పోలమ్మ టీచరు, అమ్మా. నీ పక్కనే కూకునేదట. ఆవిడలాగ ఎవలూ సెప్పలేరు."

"నేను సెప్పలేనేటి?"

అది నవ్వి, పెన్సిల్ని జడలో గుచ్చుకుంది.