మామ చుట్టిన ఎర్ర సున్నా

మొన్న మంగళవారం పొద్దున మా మామ పోయాడు. అమ్మకు సొంత తమ్ముడు. ఫోన్‌లో అమ్మ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పాల్సిన ఒక్క నిజం చెప్పకుండానే పోయాడు.

మదురైలో మా తెలుగువాళ్ళ కల్యాణ మండపానికి బుకింగ్ ప్రోగ్రాం రాసింది ఆయనే. నాకు ఆ పని నేర్పి తన దగ్గర పెట్టుకుందీ ఆయనే. ప్రతి బుకింగ్‌కూ మొదలయ్యే గంట, ముగిసే గంట విడివిడిగా కాకుండా కలిపి డేటాబేస్‌లో ఒకే రేంజ్ కాలమ్‌లో పెట్టమనేవాడు. ఒకరోజు కాఫీ తాగుతూ క్యాలెండర్ కాగితం వెనక రెండు గీతలు గీసి, అవి తగిలినచోట ఎర్ర సున్నా చుట్టాడు. "రెండు బుకింగులూ యాడన్నా తగల్తాయా? అదొక్కటే అడగల పాపా." డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో తేదీ ఉండాల్సినచోట తేదీ, అంకె ఉండాల్సినచోట అంకె ఉన్నాయా అని టైపులు సరిచూసే క్వెరీ బిల్డర్ తప్పు చూపకపోతే నేను సంబరపడేదాన్ని. "అది టైపు చూస్తాది, పెళ్ళి చూడదు" అని నవ్వేవాడు.

అంత చెప్పినవాడు తను మాత్రం తొందరలో ప్రోగ్రాంలో వేరే ప్రశ్న రాశాడు: కొత్త బుకింగ్ మొదలయ్యే గంట పాతవాటిలో దేనిలోనైనా పడుతుందా అని. టైపుల ప్రకారం అదీ సరైనదే, బిల్డర్ ఒప్పుకుంది. అందరూ సాయంత్రం నుంచి మర్నాడు సాయంత్రం దాకానే మండపం తీసుకునేవాళ్ళు కాబట్టి చాలాకాలం ఇబ్బంది రాలేదు. ఒక కుటుంబం మాత్రం పాత పద్ధతిలో పందిరి రాట నాటాలని రెండు రోజుల ముందునుంచే అడిగింది. ఆ మొదటి గంట ఖాళీ, పెళ్ళిరోజు మాత్రం అప్పటికే వేరేవాళ్ళు తీసుకున్నది. ప్రోగ్రాం సరేనంది. పెళ్ళినాడు ఒకే వాకిట్లో ఇద్దరు పెళ్ళికూతుళ్ళు దిగారు.

మండపం కమిటీ పెద్దలు నిలదీస్తే మామ నావైపు చెయ్యి చూపాడు. చిన్నపిల్ల, తెలియక రాసిందన్నాడు. ఆ లైను రాసింది తనేనని ప్రోగ్రాం మార్పుల చరిత్రలో ఉంది. ఇంటికొచ్చాక ఆయనకు తెరిచి చూపించాను.

"నీకింకా వయసుండాది పాపా. నాకీ మండపంలో మర్యాద తప్ప ఏముండాది?"

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది. నా పని పోయింది. మూడేళ్ళు ఆయన గడప తొక్కలేదు. అయినా ఇవాళ కోయంబత్తూరులో నాకు కూడు పెడుతున్నది ఆయన నేర్పిన పనే. పూర్తిగా తిట్టుకోనూ లేను.

శవం దగ్గర కమిటీ పెద్దాయన నా తల నిమిరాడు. "నువ్వు చేసిన తప్పును తన నెత్తిన ఏసుకొని దిద్దినాడు తాయీ మీ మామ. అట్లాంటి మనిషి ఇంక రాడు."

నిజం నోటిదాకా వచ్చింది. అత్త ముఖం చూసి మింగేశాను.

తల తిప్పుకుంటే ఆయన బల్లపైన గోడకు ఆ క్యాలెండర్ కాగితం ఇంకా అంటించే ఉంది. ఫ్యాను గాలికి కొస లేచి పడుతూ ఉంది. గీతలు రెండూ వెలిసిపోయాయి. ఎర్ర సున్నా మాత్రం కనబడుతూనే ఉంది.