రెండు మీటర్లు, రెండు వేగాలు

మా ఊరు తోంగ్‌పాల్‌లో పొద్దున్నే ఐదున్నరకు బస్సెక్కాం, నేనూ నా బిడ్డ సుజాతా. సాయంత్రం ఐదులోగా హైదరాబాదులో సర్టిఫికెట్లు చూపించకపోతే దాని నర్సింగ్ సీటు ఇంకొకరికి పోతుంది. కబురు ముందురోజు గానీ అందలేదు. బస్సులో పోతే మర్నాటికి గానీ చేరం. అందుకే ఆరో తరగతిలో బడి మానేసిన ఈ పంక్చర్ షాపు ఆసామి విమానం టికెట్లు కొన్నాడు.

ఎనిమిదింటికి జగదల్‌పూర్‌లో దిగి, అటుకుల పోహా తిని, ఆటోలో విమానాశ్రయానికి వెళ్ళాం. సంచిని మిషన్లో పెట్టమన్నారు. మమ్మల్నీ పెడతారేమో అనుకున్నాను.

పదింబావుకు విమానం రన్‌వే మీద పరుగందుకుంది. లేస్తుందని ఊపిరి బిగబట్టాను. లేవలేదు. బ్రేకులు పడి నా ముక్కు ముందు సీటుకు తగిలింది. రెండు మీటర్లు రెండు వేగాలు చూపించాయట, హెచ్చరిక మోగిందట, వెనక్కి వెళ్తున్నామట. మైకులో చెప్పారు.

"ఏంది, మీటరు తప్పు చూపితే ఆపేస్తరా? బుద్ధుందా? నా బండికి మీటరే లేదు, సుక్మా పోయొస్తలేనా?" అని అరిచాను.

"నీ బండి ఎగరదు గద నాయినా," అంది సుజాత.

మమ్మల్ని దింపి లోపల కూర్చోబెట్టారు. పదకొండున్నరకు ఇంజనీరు సంగతి చెప్పాడు. విమానం ముక్కు దగ్గర చిన్న గొట్టం ఉంటుంది. అందులోకి కొట్టే ఎదురుగాలి ఒత్తిడిని బట్టే వేగం తెలుస్తుంది. దాంట్లో కందిరీగ మట్టి పెట్టింది. గాలి ఒత్తిడంటే నా వృత్తే కదా! "గేజీ మీద డౌటుంటే నేను టైరును రాడ్డుతో కొట్టి చప్పుడు వింట సార్," అని సలహా ఇచ్చాను. సుజాత నా చొక్కా లాగింది: "విమానాన్ని కొడతవా ఏంది?"

ఒంటిగంటకు కెప్టెన్ మేడం వచ్చింది. గొట్టం శుభ్రం చేసి పరీక్షించామనీ, ఒంటిగంటన్నరకు బయల్దేరతామనీ, ఇష్టం లేనివాళ్ళు ఉండిపోవచ్చనీ చెప్పింది. బచేలి ఇనుప గనిలో పనిచేసే ఆయన ఒకరు సంచీ భుజానికెత్తుకున్నారు. "నే రైల్లో పోతానండీ బాబూ!"

నాకు హిందీ వచ్చు కాబట్టి అడిగాను: "మేడం, ఆ రెండిట్లో ఏది కరెక్టు?"

"అప్పుడు నాకు తెలియదు."

"తెలియకుండా ఎందుకాపారు?"

"తెలియదు కాబట్టే ఆపాను."

టైర్లో గాలి సరిపోయిందో లేదో తెలియకపోతే ఇంకో నాలుగు పంపులు కొట్టడం నా అలవాటు. ఎక్కాలా, ఉండిపోవాలా?

"ఆపిన మేడమే నడుపుతది గద," అంది సుజాత. "ఎక్కుదాం పా."

ఎక్కాం. దారి పొడవునా నేను రెక్కనే చూశాను, సుజాత నిద్రపోయింది. మూడింటికి దిగాం. నాలుగూ ముప్పై ఐదుకు కాగితాల మీద స్టాంపు పడింది.

మర్నాడు దాన్ని హాస్టల్లో దింపి, భద్రాచలం మీదుగా బస్సులో ఒక్కణ్ణే తిరిగొచ్చాను. కోంటాలో పక్క సీటాయన "విమానం ఎట్లుంటదే?" అన్నాడు. మీకు చెప్పిందంతా ఆయనకూ చెప్పి, చివర్న అన్నాను: అర్జంటు పనైతే ఒకరోజు ముందే బయల్దేరండి. ఇక ఆ మేడం సంగతి. ఆపినందుకు పొద్దున తిట్టాను, ఆపినందుకే మధ్యాహ్నం నా బిడ్డను ఆమె చేతిలో పెట్టాను. ఆ రెండూ నేనే ఎలా చేశానో ఇప్పటికీ తేలలేదు.